పదిహేనో తేదీ వరకు

వినికిడి పూర్తిగా పోయిన నూకరత్నం ఆరేళ్లుగా ఒక కంపెనీ అమర్చిన అద్దె చెవులతో నెట్టుకొస్తోంది. ఆ పాత రకాన్ని ఇక నడపబోమని కంపెనీ కాగితం పంపింది. కొత్త రకం ఆమెలా డెబ్బై దాటినవాళ్లకు అమర్చరు. "సేవలు పదిహేనో తేదీ వరకు" అని ఉంది కాగితంలో. పక్షవాతంతో రెండేళ్ల క్రితం మాట పడిపోయిన ఆమె భర్త సన్యాసినాయుడికి పద్నాలుగున గొంతులో మాటల మర పెడుతున్నారు. మర్నాడే మాట్లాడవచ్చునన్నాడు డాక్టరు.

ఆమె అనకాపల్లిలోని కంపెనీ ఆఫీసుకు వెళ్లింది.

"వరకు అంటే ఆ రోజు లెక్కలోకి రాదమ్మా. పద్నాలుగుతో ఆగిపోతాయి" అంది కౌంటర్లో అమ్మాయి.

"పదిహేను వరకు ఎగ్జిబిషన్ ఉంటాదన్నారనుకో. పదిహేనున ఎల్తే గేటు మూసేస్తారేటమ్మా?"

ఆ అమ్మాయి పైవాళ్లతో మాట్లాడి, పదిహేనును కూడా కలిపి రాసిచ్చింది. దక్కింది ఒక్క రోజే; నూకరత్నానికి గెలిచినట్టు అనిపించలేదు.

పదిహేనున పొద్దున్నే ఆయన్ని ఇంటికి తెచ్చాక ఆమె మంచం పక్కనే కూర్చుంది. ఫ్యాను చప్పుడు, పక్కింటి కుక్కర్ కూత, వీధిలో ఉప్పమ్మేవాడి కేక అన్నీ వినబడ్డాయి. మత్తు వదలక ఆయన రోజంతా నిద్రపోయాడు. తేదీ మారగానే చప్పుళ్లన్నీ ఆగిపోయాయి.

మర్నాడు పొద్దున జావ తాగిస్తుంటే ఆయన పెదవులు కదిలాయి. చాలాసేపు కదిలాయి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. చెవుల సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"ఆఁ, ఇన్నాను లెండి" అని, నూకరత్నం ఆయన మూతి తుడిచి మరో చెంచా అందించింది.