గంటకో చుక్క

"తల పైకెత్తండి అత్తయ్యా. టైమైంది."

అత్తగారు చేతిలో పని వదిలేసి కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చింది. అల్లుడు కింది రెప్పను వేలితో మెల్లగా లాగి, సీసా వంచి, ఒక్కటంటే ఒక్క చుక్క వేశాడు. బుగ్గ మీదికి తడి కూడా జారలేదు. గడియారాలు బాగుచేసే చేయి మరి! వెంట్రుకంత స్ప్రింగుల్ని పట్టుకునేవాడికి చుక్కమందు ఒక లెక్కా?

"మండిందా?"

"అబ్బే, పడినట్టే తెలియలేదు బాబూ."

అల్లుడు పొంగిపోయాడు. పక్కనే మంచం మీదున్న అతని తల్లి మూతి ముడిచింది.

"నాకెప్పుడైనా ఇలా వేశావట్రా?"

కొడుకు పెళ్ళైన దగ్గర్నుంచీ ఆవిడది ఒకటే వెతుకులాట. కోడలి వైపు వాళ్ళలో ఏదో ఒక లోపం ఉండి తీరాలని ఆవిడ నమ్మకం. ఇన్నేళ్ళలో ఒక్కటీ దొరకలేదు, పాపం.

కోడలు ఆఫీసు ట్రైనింగ్ అంటూ నెల రోజులు వేరే ఊరు వెళ్ళింది. ఇల్లు చూసుకోవడానికి ఆమె తల్లి, అంటే ఈ అత్తగారు, వచ్చింది. వచ్చీ రాగానే ఆవిడకి చూపు మసకేసింది. అల్లుడు వెంటనే కంటాసుపత్రికి తీసుకెళ్ళాడు. స్కూటర్ పెట్టడానికి చోటు వెతుక్కుని అతను లోపలికి వెళ్ళేసరికి పరీక్ష అయిపోయింది.

"కంట్లో వాపండీ. అంతా లోపలే, పైకేమీ కనపడదు," అన్నాడు డాక్టర్. "ఈ తెల్లమూత సీసా గంటకో చుక్క. ఎర్రమూతది పొద్దున, సాయంత్రం. అశ్రద్ధ చేశారో, చూపు పోతుంది. పోతే మళ్ళీ రాదు."

పైకి కనపడదట! గడియారాలవాడి చూపుకి కూడానా? ఒక కన్ను కాస్త కళ తప్పి ఉండటం అల్లుడు అక్కడికక్కడే పట్టేశాడు.

వాపు ఎందుకొచ్చిందో తేల్చాలని డాక్టర్ రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే రాశాడు. "కంటికి జబ్బయితే ఛాతీకి ఫొటో ఏమిట్రా? మన దగ్గర దాచిన రోగమేదో ఉంది!" అని అల్లుడి తల్లి ఆశగా ఎదురుచూసింది. అన్నీ శుభ్రంగా వచ్చాయి. ఆ పూట ఆవిడకి అన్నం సయించలేదు.

ఇక చూడాలి అల్లుడి శ్రద్ధ. ముందుగదిలోని కొట్లో గడియారాలన్నీ గంట కొట్టడం ఆలస్యం, సీసా పట్టుకుని లోపలికి పరుగు. బేరాలు పోతే పోనీ అనుకున్నాడు.

"మీకెందుకు బాబూ శ్రమ? ఆ సీసా ఇలా ఇచ్చేయండి, నేనే వేసుకుంటా," అని అత్తగారు బతిమాలుతూనే ఉంది.

"మీ చేతులు వణుకుతాయి అత్తయ్యా. మందంతా చెంపల పాలు," అని అతను సీసాలను పనిముట్ల సొరుగులో పెట్టి తాళం వేసేవాడు.

ఒకసారైతే ఆవిడ అతని చేయి పట్టుకుని ఆపింది. "అది కాదు బాబూ..." అంటూ ఏదో చెప్పబోయింది. ఇంతలో వియ్యపురాలు మెడ చాచింది. ఆవిడ మాట అక్కడే ఆపేసి, తల వెనక్కి వాల్చేసింది. పెద్దవాళ్ళకి మందంటే భయం కాబోలనుకున్నాడు అల్లుడు.

రోజులు గడిచేకొద్దీ చూపు ఇంకా తగ్గింది. ఆవిడ గుమ్మాలకి కొట్టుకుంటోంది. కాఫీలో చక్కెర బదులు ఉప్పు వేసింది. "మీ మొహం పొగలో ఉన్నట్టుంది బాబూ," అంది ఒకరోజు. అల్లుడికి కంగారెత్తింది. రేపు పెళ్ళాం వచ్చి అడిగితే ఏం చెప్పాలి? గంటకో చుక్కని అరగంటకి మార్చాడు.

వారం తిరగ్గానే ఆసుపత్రికి బయల్దేరారు. డాక్టరేమంటాడో తన చెవులతో వినాలని అల్లుడి తల్లి కూడా ఆటో ఎక్కింది.

గది ముందు అత్తగారు ఆగిపోయింది. "మీరిద్దరూ ఇక్కడ కూర్చోండి. నేనొక్కదాన్నే వెళ్ళొస్తా."

"ఎంత మాట! చూపు ఆననివాళ్ళని ఒంటరిగా పంపిస్తానా?" అని అల్లుడు చేయి పట్టుకుని మరీ లోపలికి నడిపించాడు.

డాక్టర్ లైటార్పి, మెషిన్ మీద ఆవిడ గడ్డం ఆనించి చాలాసేపు చూశాడు. లైటు వేసేసరికి అతని మొహం చిటపటలాడుతోంది.

"వాపు ముదిరింది. అసలు మందు వేస్తున్నారా?"

"ఎంత మాటన్నారు! ఆవిణ్ణే అడగండి, ఒక్క గంట తప్పితే ఒట్టు."

"వేశారండీ," అంది అత్తగారు తలొంచుకుని. "పాపం, ఒక్కసారి కూడా మర్చిపోలేదు."

"ఎర్రమూత మందు పడితే కంటిపాప ఇంత పెద్దదవ్వాలి. ఇది సూదిమొన లాగుంది. ఈ కంట్లో చుక్క పడిన జాడే లేదు! ఇంకో వారం ఇలాగే పోతే ఎవ్వరం ఏమీ చెయ్యలేం."

అల్లుడి తల్లి కుర్చీ ముందుకు జరుపుకుంది. అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి.

"సరే," అన్నాడు డాక్టర్. "ఎలా వేస్తున్నారో నా ఎదురుగా వేసి చూపించండి."

అల్లుడు జేబులోంచి సీసా తీసి, చొక్కా చేతులు పైకి మడిచాడు. "తల పైకెత్తండి అత్తయ్యా."

ఆవిడ ఎత్తలేదు. మళ్ళీ చెప్పాక మెల్లగా ఎత్తింది. అతను కింది రెప్ప లాగాడు. చుక్క సరిగ్గా మధ్యలో పడింది. ఆవిడ రెప్పయినా కొట్టలేదు. అల్లుడు మూత బిగించి, చూశారా అన్నట్టు తలెగరేశాడు.

"వెయ్యడం బ్రహ్మాండంగా వేస్తున్నారండీ," అన్నాడు డాక్టర్, "కాకపోతే ఇకనుంచి ఆ గాజు కన్ను వదిలేసి, చూపున్న కంట్లో వెయ్యండి."