రెండుసార్లు తడితే ఆపాలి

ఆ సాయంత్రం నా భార్య నెరిస్, మా పాపను ఆసుపత్రి నుంచి మొదటిసారి ఇంటికి తెస్తోంది. నెలలు నిండక పుట్టింది, చలి తగలకూడదన్నారు. వేల్స్‌లో చాలా ఇళ్లలాగే మాదీ రెండు వరసల గోడ, మధ్యలో ఖాళీ సందు. చలి లోపలికి రాకుండా అందులోకి తెల్ల థర్మోకోల్ పూసలు ఊది నింపడానికి ఇడ్వల్ వచ్చాడు. నాలుగింటికే చీకటి పడింది.

అతను బయటి గోడకు తొలిచిన కన్నంలో గొట్టం పెడతాడు. నేను లోపల గోడ దగ్గర నిలబడాలి. పూసలు గదిలోకి కారితే రెండుసార్లు తట్టాలి, అతను ఆపేస్తాడు.

"నిద్రపోకు, కొత్త నాన్నా!" అని అరిచాడు ఇడ్వల్.

నిద్రా! సంతోషంతో నాకు కాలు నిలవడం లేదు.

చివరి కన్నం నింపుతుండగా కారు హారన్ మోగింది. బయటికి పరుగెత్తి పాపను చేతుల్లోకి తీసుకున్నాను.

నిచ్చెన మీద ఇడ్వల్ యంత్రం ఆపాడు. "ఎందుకు తట్టావ్?" అంటూ తిరిగి, నన్ను చూశాడు. "మరి లోపలెవరు?"

"ఎవరూ లేరు."

అతను కన్నానికి చెవి ఆనించాడు. "గదిలోంచి కాదురా. సందులోంచి."

ఆ సందు వెడల్పు మూడు వేళ్లు.

"చలిలో ఏం కబుర్లయ్యా! పిల్ల వణికిపోతోంది," అంది నెరిస్.

"నింపెయ్," అన్నాను. నా గొంతులోని తొందర నాకే వింతగా తోచింది.

యంత్రం మొదలైంది. సందులోంచి రెండుసార్లు తట్టిన చప్పుడు. మళ్లీ రెండు, త్వరత్వరగా. ఆ తర్వాత ఏమీ వినపడలేదు.

రాత్రి గది హాయిగా, వెచ్చగా ఉంది. గోడ పక్కన తొట్టిలో పాప కళ్లు తెరిచింది. చిన్న పిడికిలి ఎత్తి, గోడను రెండుసార్లు తట్టింది.