ఇబ్బంది లేని ప్రయాణం

తేజేశ్వర్ అద్దెకు తెచ్చిన ఆర్వీ బండిని కమ్మింగ్ ఊళ్లో అక్క ఇంటి ముందు ఆపేసరికే గీతాంజలి ఎదురొచ్చింది.

"సామాన్లు దించండిరా. మేడ మీద రూమ్ రెడీ చేశాను."

"నీకెందుకక్కా శ్రమ? బెడ్లు, కిచెన్, బాత్‌రూమ్ అన్నీ ఇందులోనే ఉన్నాయి. దారిలో చుట్టాలందరి ఇళ్ల దగ్గరా ఇలాగే ఆగాం. ఎవ్వరికీ ఇబ్బంది లేదు" అన్నాడు గర్వంగా.

గీతాంజలి మొహం చిన్నబోయింది. "ఎడిసన్ నుంచి ఇంత దూరం డ్రైవ్ చేసినవాడివి, ఈ గుమ్మం దాటలేవా?"

తేజేశ్వర్ నసిగాడు. "పోయినసారి మేం వెళ్లాక వారం రోజులు మోకాళ్ల నొప్పులతో లేవలేకపోయావట కదా. బావ చెప్పారు."

"నొప్పులన్నాను. రావద్దన్నానా?"

దారిలో ఆగిన ఇళ్లలో ఒక్కరూ లోపల పడుకోమని అడగలేదని అతనికి అప్పుడు తట్టింది. అందరూ "భలే ఐడియా" అంటూ ఆర్వీని మెచ్చుకుని, గుడ్‌నైట్ చెప్పి తలుపేసుకున్నవాళ్లే. ఆ మెప్పుకే దారంతా పొంగిపోయాడు తను.

ఇంజన్ ఆపి, వెనక్కి తిరిగి భార్యను పిలిచాడు.

"రష్మీ, పిల్లల్ని దింపు. ఇల్లొచ్చింది."