కాఫీ అయ్యాకే మాట

గడప బయట విప్పి ఉన్న తెల్ల బూట్లు చూడగానే జువైనాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరివో అడగక్కర్లేదు. రేవులో ఆగిన పెద్ద ఓడలో ప్రయాణికుల షికార్ల ఏర్పాట్లు చూసే అధికారి గ్రెగర్‌వి.

వంటింట్లోకి వచ్చిన మొగుణ్ణి అక్కడే నిలదీసింది.

“వాణ్ణి లోపలికి ఎందుకు రానిచ్చావయ్యా?”

“గడప దాకా వచ్చినవాణ్ణి పొమ్మంటామా? కాఫీ పెట్టు.”

“విషం పెడతాను.”

“యాలకులు వేసి పెట్టు,” అని ఖల్ఫాన్ ఖర్జూరాల పళ్లెం తీసుకుని వెళ్లిపోయాడు.

అదే ఆమెకు ఒళ్లు మండేది. ఈ మనిషికి కోపమే రాదు. పోయిన చలికాలం ఓడ ప్రయాణికులకి డాల్ఫిన్లు చూపించి తిరిగొస్తుంటే ఇతని లాంచీకి ఎవరిదో తెగిన వల చుట్టుకుంది. విడిపించుకుని ఖసబ్ రేవు చేరేసరికి ఓడ ఇంకా గట్టునే ఉంది, మెట్లు మాత్రం ఎత్తేశారు. లాంచీలోని ముసలి దంపతులు చేతులూపి అరిచారు, బతిమాలారు. పైనుంచి గ్రెగర్ తన చేతి గడియారం చూపించి, “ఓడ ఎవరి కోసమూ ఆగదు” అన్నాడు. ముసలావిడ మందులన్నీ ఓడలోనే ఉండిపోయాయి. ఆ రాత్రంతా ఆవిడ ఈ ఇంట్లోనే జువైనా చెయ్యి పట్టుకుని వణుకుతూనే ఉంది. తెల్లారేసరికి తప్పంతా ఖల్ఫాన్‌దే అయింది. అప్పటి నుంచి ఓడ జనాన్ని గ్రెగర్ అతని లాంచీ ఎక్కనివ్వడం లేదు. అది ఇసకలో ఒరిగి ఎండుతోంది.

జువైనా కాఫీ కూజా అందించి, తెర వెనక చెవి ఒగ్గి నిలబడింది. గ్రెగర్ ఈ సముద్రం మీద ఏళ్లుగా తిరుగుతున్నవాడు. వచ్చీరాని అరబ్బీలోనే అధికారం చేస్తాడు.

“ఖల్ఫాన్, మాకు కొత్త స్పీడు బోట్లొచ్చాయి. కానీ డాల్ఫిన్లే కనబడి చావడం లేదు. కొండల మధ్య నువ్వు వెళ్లే సముద్రపు పాయ ఏదో మావాళ్లకి చూపించు. నీకూ బోట్లు కడుక్కునే పనో ఏదో ఇప్పిస్తాలే.”

జువైనా పళ్లు కొరికింది. ఆ పాయ ఖల్ఫాన్ తాత వెతికి పట్టుకున్నది. తండ్రి నోట విని ఇతను నేర్చుకున్నది. లాంచీ మూలపడ్డాక వీళ్లకి మిగిలింది అదొక్కటే. అది కూడా ఊడ్చుకుపోవడానికి వచ్చాడు ఈ దొర!

“కాఫీ అయ్యాక మాట్లాడుకుందాం,” అన్నాడు ఖల్ఫాన్. “కప్పు చేతిలో ఉండగా మేం బేరాలు మాట్లాడం.”

“నాకు తెలీదా మీ పద్ధతులు? మా ప్రయాణికులందరికీ నేనే చెబుతుంటా. ఒమానీ ఇంట్లో కాఫీ వద్దంటే చెంప మీద కొట్టినట్టేనని. పొయ్యి, పొయ్యి!”

ఖల్ఫాన్ పోశాడు. గ్రెగర్ గుటకేసి ఖాళీ కప్పు చాపాడు. ఖల్ఫాన్ మళ్లీ పోశాడు.

ఇంతలో పక్కింటి ముసలాయన హమ్దాన్ కర్ర పొడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

“ఏరా ఖల్ఫాన్, పాముకి పాలు పోస్తున్నావా?” అన్నాడు గ్రెగర్‌కి అర్థం కాని కొండ యాసలో.

“పాలు కాదు బాబాయ్, కాఫీ.”

హమ్దాన్ ఒక్క కప్పు తాగి, దాన్ని వేళ్ల మధ్య అటూ ఇటూ ఊపి ఇచ్చేశాడు. ఖల్ఫాన్ అతనికి మళ్లీ పొయ్యలేదు. “నీ తాత ఉంటే కర్ర తీసేవాడు,” అని లేచి వెళ్లిపోయాడు.

కాసేపటికి ఖల్ఫాన్ ఖాళీ కూజాతో వంటింట్లోకి వచ్చాడు. జువైనా రోట్లో యాలకులు దంచుతోంది. ఒక్కో పోటుకీ ఇల్లు అదురుతోంది.

“మళ్లీనా? కడుపా అది, నుయ్యా?”

“కాచు.”

“మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా? ముసలాయన నీ మొహం మీదే అని పోయాడు, సిగ్గు లేదా నీకు? చివరికి ఆ పాయ కూడా చెప్పేస్తావు. నాకు తెలుసు నీ సంగతి!”

ఖల్ఫాన్ కాగిన కాఫీ కూజాలోకి వంపుకుని వెళ్లాడు.

కిటికీలో ఎండ ఎర్రబడింది. తెర అవతల గ్రెగర్ గొంతులో మునుపటి దర్పం లేదు.

“ఖల్ఫాన్, మరి ఆ పాయ సంగతి...”

“కాఫీ అవనీండి.”

“సరే, సరే.” గ్రెగర్ గడియారం చూసుకుని నవ్వాడు. “నేను లేకుండా మెట్లు ఎత్తరులే.” కప్పు ఖాళీ చేసి చాపాడు. ఖల్ఫాన్ నింపాడు.

ఓడ కూత ఊరంతా వినబడింది. గ్రెగర్ ఉలిక్కిపడి లేచాడు. కప్పు చేతిలో ఉండగానే బయటికి ఉరికాడు. ఒక బూటు వేసుకుని, రెండోది చంకన పెట్టుకుని రేవు వైపు పరిగెత్తాడు.

జువైనా మేడ మీదికి ఎక్కింది. వెనకే ఖల్ఫాన్ కూజా పట్టుకుని వచ్చాడు. రేవు గట్టుకీ ఓడకీ మధ్య నీళ్లు వెడల్పవుతున్నాయి. గట్టు చివర ఒక తెల్ల చొక్కా చేతులూపుతూ ఎగురుతోంది. ఓడ మీద ఎవరూ గడియారం కూడా చూపించలేదు.

“ఎవరి కోసమూ ఆగదట!” అని జువైనా కసిదీరా నవ్వింది. ఆ నవ్వు ఆగగానే మళ్లీ మొగుడి మీదికి తిరిగింది. “అల్లా దయ తలిచాడు కాబట్టి బతికిపోయాం. నువ్వేం చేశావు? వాడు చాపడం, నువ్వు పొయ్యడం! ఒక్కసారైనా ఆపడానికి నీకు చెయ్యి రాలేదా?”

ఖల్ఫాన్ కూజా అడుగున మిగిలింది తన కప్పులో వంపుకుని తాపీగా తాగాడు.

“కప్పు ఊపితే ఆపేవాణ్ణి.”