జర పేరు చూడు

మాదాపూర్‌లో ఆఫీసు కింది పుస్తకాల షాపులో, భార్గవి రెండు చేతుల్లో రెండు పుస్తకాలు పట్టుకుని ఎటూ తేల్చుకోలేకుండా ఉంది.

ఒకటి దేశమంటే ఎవరు అనే చర్చ. రెండోది ఆఫ్రికా నుంచి ఓడల్లో దేశదేశాలకు తరలించిన నల్లవాళ్ళ చరిత్ర.

మర్నాడు టీమ్ మొత్తం ముందు ఏదో ఒకదాని గురించి మాట్లాడాలి. చేరి మూడు నెలలైనా నోరు విప్పని పిల్ల అని పేరు పడిపోయింది. రేపటితో అది పోవాలి. లంచ్ టైమ్ చూస్తే పది నిమిషాలే మిగిలింది.

పక్కన ఎవరో ఉన్నట్టనిపించి తిరిగి చూసింది. నల్లటి ముఖం, రింగుల తెల్లజుట్టు, చేతులు వెనక్కి కట్టుకున్న ముసలాయన.

"విచ్ కంట్రీ, సర్?" అని మర్యాదగానే అడిగింది.

"ఇంగ్లీషెందుకు బిడ్డా? గీ పట్నంలనే, ఏసీ గార్డ్స్ బస్తీల పుట్టిన. ఆఫ్రికా నుంచి ఒచ్చిన మా తాత నిజాం కాలంల గుర్రపు సిపాయి. మమ్ముల సిద్దీలంటరు."

భార్గవికి సిగ్గేసింది. మొన్న ప్రొద్దుటూరు నుంచి వచ్చిన తను, ఇక్కడే పుట్టినవాణ్ణి ఏ దేశమని అడిగింది మరి.

ఆయన నల్లవాళ్ళ చరిత్రని కళ్ళతోనే చూపించాడు. "అండ్ల సిద్దీ యాకూబ్ అని పేరున్నదా, జర చూడు. పేజీలు తిప్పుడు నాతోని కాదు."

"టైమ్ లేదు తాతా. రేపు చూస్తా."

"అందరు గట్లనే అంటరు," అన్నాడాయన, కోపం లేకుండా.

షాపులో ఉన్నట్టుండి చలి ఎక్కువైంది. భార్గవి ఆ నల్లవాళ్ళ చరిత్రని అరలో పెట్టేసి, దేశం గురించిన పుస్తకం తీసుకుంది. తిరిగి చూసేసరికి ఆయన లేడు. తలుపు తీస్తే మోగే గంట మాత్రం మోగలేదు.

మర్నాడు భార్గవి బాగానే మాట్లాడింది. దేశం అందరిదీ అంటే చప్పట్లు కూడా కొట్టారు. చివర్లో మేనేజర్ నతానియేల్, అందరిదీ అన్నావు కదా, ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు మన ఊళ్ళో ఎవరైనా ఉన్నారా అని అడిగాడు.

"ఉన్నారు," అంది. ఏసీ గార్డ్స్ బస్తీ పేరు, సిద్దీ యాకూబ్ పేరు చెప్పి, మిగతాది ఒక పుస్తకం చూసి చెప్తానంది.

మీటింగ్ అయిపోగానే, లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లు దిగి షాపుకి పరిగెత్తింది. పుస్తకం పెట్టిన చోటే ఉంది. వెతకాల్సిన పనే లేకపోయింది. పేరు మొదటి పేజీలోనే, అంకితంలో ఉంది. నిన్న ఒక్క అట్ట తిప్పి ఉంటే ఏం పోయేదని తనని తానే తిట్టుకుంది.

చుట్టుపక్కల ఎవరూ లేరు. అయినా, పక్కన నిలబడ్డ మనిషికి వినబడేలా పైకి చదివింది.

"ఈ సంగతులన్నీ నాకు చెప్పి, పుస్తకం అచ్చు కాకముందే కన్నుమూసిన ఏసీ గార్డ్స్ సిద్దీ యాకూబ్ గారికి."