చేత్తో పట్టి చూస్తేనే

“మూడు మాత్రలే మిగిలాయి. అంటే మూడు రోజులు. నాలుగో రోజు మూర్ఛ వచ్చి ఇది పోతే, మీ రూలు వచ్చి గొయ్యి తవ్వుతుందా?”

ఫోన్ తెరలో పశువుల డాక్టరమ్మ ముఖం మారలేదు. “నేను రాసిచ్చినా మందుల షాపువాడు ఇవ్వడు బాబాయిగారూ. ఏడాదిలో ఒక్కసారైనా డాక్టరు చేత్తో పట్టి చూడని జంతువుకి ఫోన్లో మందు రాయకూడదు. మూర్ఛ మాత్రలైతే అసలు కుదరదు. ఒకటో తేదీ నుంచి అమలు.”

“మొన్నటిదాకా మీరే కదమ్మా రాశారు?”

“మొన్నటిదాకా రూలు లేదు.”

“మొన్నటిదాకా ఇది బతికే ఉంది మరి.”

“తీసుకురండి. పది నిమిషాల పని,” అని ఆమె ఫోన్ పెట్టేసింది.

పెద్దాయన రూలు పెట్టినవాళ్ళని వంశం పేరున తిట్టుకుంటూ బొగ్గుని చంకనెత్తుకున్నాడు. పేరుకి బొగ్గే గానీ, పద్నాలుగేళ్ళు వచ్చేసరికి ఆ కుక్క మూతంతా బూడిదైపోయింది. ఆస్పత్రి గడప తొక్కడం ఆయనకి ఇదే మొదటిసారి. భార్య ఉన్నన్నాళ్ళూ ఆవిడే తీసుకొచ్చేది. ఆవిడ పోయాక ఈ రెండేళ్ళూ ఫోన్లోనే వైద్యం.

లోపల గోడలకి కొత్త రంగు, కొత్త కుర్చీలు. మూలన ఒక్క చెక్కబల్ల మాత్రం పాతది. ముసలి కాంపౌండరు కళ్ళజోడు సవరించుకుని లేచాడు.

“మన బొగ్గే! అమ్మగారు ఎప్పుడూ ఆ బల్ల మీదే కూర్చునేవారండీ. కుర్చీ వేసినా వద్దనేవారు. దీన్ని ఒళ్ళో పెట్టుకుని, తన వంతు వచ్చేదాకా దువ్వుతూనే ఉండేవారు. పెద్ద డాక్టరుగారి రోజులు లెండి. కళ్ళు మూసుకుని ఇలా తడిమి, నిన్న ఏం తిన్నదో కూడా చెప్పేవారాయన. తాకకుండా మందు రాయకూడదని ఇప్పుడు రూలు పెట్టారంటే పగలబడి నవ్వేవారు. తాకకుండా ఎలా రాస్తార్రా అని.”

పెద్దాయన బల్ల వంక చూశాడు. ఒక కొస నున్నగా అరిగి ఉంది. ఆయన కూర్చోలేదు.

డాక్టరమ్మ బొగ్గు చిగుళ్ళు నొక్కింది. పొట్ట తడిమింది. గుండె చప్పుడు విన్నది. చెవులు మడిచి లైటు వేసి చాలాసేపు చూసింది.

“పట్టి చూశారుగా. ఇక రాయండి,” అన్నాడు పెద్దాయన.

ఆమె కుక్క వెనక్కి వెళ్ళి స్టీలు పళ్ళెం నేల మీద పడేసింది. కాంపౌండరు ఉలిక్కిపడ్డాడు. పెద్దాయన కూడా ఉలిక్కిపడ్డాడు. బొగ్గు చెవి కూడా కదపలేదు.

“దీనికి చెవుడు బాబాయిగారూ. ఒక్క ముక్క వినపడదు.”

“వినికిడి బాగుందని రాసింది మీరే కదమ్మా!”

“ఫోన్లో చూసి రాశాను. మీరు పిన్నిగారి గొంతు వినిపించగానే ఇది పరుగెత్తుకొచ్చింది.”

నిజమే. ఆవిడ పోయాక బొగ్గు గిన్నె ముట్టలేదు. ఆవిడ పోవడానికి ముందటేడు కూతురు వంటింట్లో తీసిన కుక్క వీడియో ఒకటి ఫోన్లో ఉంది. అందులో ఆవిడ కనపడదు, గొంతు మాత్రం వినపడుతుంది. అది పెట్టి గిన్నె ముందుకు తోస్తే తినేది. అప్పట్నించీ రెండు పూటలా అదే పని. “కుక్క కోసం,” అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకునేవాడు.

“ఏదీ, దాని వెనకనుంచి పెట్టండి,” అంది డాక్టరమ్మ.

గది నిండా ఆ గొంతు పరుచుకుంది. “రా... చల్లారిపోతోంది. అలిగి కడుపు మాడ్చుకుంటే ఎవరికి నష్టం? వేడిగా ఉండగానే నాలుగు ముద్దలు తిందువుగాని, రా.”

కాంపౌండరు తల దించుకున్నాడు. బొగ్గు గోడనే చూస్తోంది. డాక్టరమ్మ ఫోన్ తీసుకుని, గొంతు వినపడకుండా చేసి, కుక్క ముందుకు తెచ్చింది. బొగ్గు లేచి తోకాడించింది.

“చూశారా? గొంతుకి కాదు. ఫోన్ కనపడితే వెనకే గిన్నె వస్తుందని దానికి తెలుసు.”

పెద్దాయనకి ఒళ్ళు మండిపోయింది.

“ఆ ఇంట్లో అంత ముద్దుగా పిలుపందుకున్నది ఇదొక్కటేనమ్మా! చివరి ఏడేళ్ళూ మా ఇద్దరికీ మాటల్లేవు. బీరువా తాళం ఎవరు పారేశారన్న తగువు. నేను మానేశాను, ఆవిడా మానేసింది. పూటపూటా దీన్ని మాత్రం పిలిచేది. ఇది ముందు నడిస్తే, పిలవని పేరంటానికి వచ్చినట్టు నేను వెనకాల వెళ్ళి కంచం ముందు కూర్చునేవాణ్ణి. ఇప్పుడు వినలేదంటే ఎలా? ఈ చెవుడు ఆవిడ పోయాకే వచ్చుంటుంది.”

“కాదండీ, నాకు గుర్తుంది,” అంటూ కాంపౌండరు చెక్క సొరుగు లాగి, అంచులు నలిగిన అట్టకార్డు ఒకటి తీశాడు. పెద్ద డాక్టరుగారి చేతిరాత. డాక్టరమ్మ కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి పైకి చదివింది.

“‘రెండు చెవులూ పూర్తిగా పోయాయి. నయం కాదు. ఇకమీదట దీన్ని నోటితో పిలవడం దండగనీ, చెయ్యి ఊపితే చాలనీ ఇంటావిడకి చెప్పాను.’ ఆరేళ్ళ కిందటి తేదీ వేసి ఉంది.”

ఆమె మాత్రల చీటీ రాసి పెద్దాయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చూడలేదు. అరిగిన ఆ బల్ల కొసనే చూస్తున్నాడు.

“అంటే పిన్నిగారికి అప్పటినుంచే తెలుసన్నమాట,” అంది డాక్టరమ్మ ఫోన్ తిరిగి ఇస్తూ. “మరి ఇందులో అన్నానికి రమ్మని ఎవర్ని పిలుస్తున్నారు బాబాయిగారూ?”