ఎదురుగోడ మీది పటం

పాత బొమ్మల వ్యాపారి కళ్లద్దాలు పైకి నెట్టుకుని, ముక్కు పటానికి తగిలేంత దగ్గరగా వంగాడు.

మంచంలో ఉన్న మేస్త్రి గుండె దడదడ కొట్టుకుంది.

నలభై ఏళ్లు ఇళ్లు కట్టిన మనిషి. ఆయన కట్టిన గోడ వెంట్రుకవాసి కూడా వాలదని పేరు. నాలుగేళ్ల క్రితం పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. మాట పోయింది, కాళ్లూ చేతులూ పోయాయి. మెడ కూడా తిప్పలేడు. మిగిలినవి కళ్లే. వాటికి ఎదురుగా గోడ, గోడమీద ఈ పటం.

ఎప్పుడో ఒక పాత బంగళా పడగొడుతుంటే, పారేస్తున్న సామాన్లలోంచి తనే ఏరి తెచ్చాడు దాన్ని. ఆయన మంచాన పడ్డ వారంలోనే కూతురు ముందుగదిలోంచి తీసుకొచ్చి, ఆయనకి కనబడేట్టు తగిలించింది. చూడవచ్చిన చుట్టాలందరికీ చెబుతుంది: "నాన్నకి ఆ పటమంటే ప్రాణం. చూపు తిప్పడు."

సాయంత్రపు ఎండ. పాడుపడిన మండపం. రెండు స్తంభాలు కూలి గడ్డిలో పడున్నాయి. మూడోది సగానికి విరిగింది. నాలుగోది పక్కకి ఒరిగి, ఇవాళో రేపో అన్నట్టుంది. కింద రెండు మేకలు. అందులో ఎన్ని పగుళ్లున్నాయో మేస్త్రికి తెలిసినంతగా గీసినవాడికి కూడా తెలిసుండదు.

"చాలా పాతదండీ. ఇలాంటి శిథిలాల బొమ్మలంటే ఇప్పుడు జనం ఎగబడుతున్నారు," అంటూ వ్యాపారి ధర చెప్పాడు.

కొడుకు మొహం వెలిగింది. "విన్నావా చెల్లీ? మెడకి ఆసరా ఉండే చక్రాల కుర్చీ వచ్చేస్తుంది. నాన్నని రోజూ వీధిలోకి తిప్పుకురావచ్చు."

"నాన్నకున్న ఒక్క కాలక్షేపం అది. దాన్నీ లాక్కుంటావా?"

"లాక్కోవడమేంటే? ఆయన కోసమేగా!"

మేస్త్రి కూతురి వంక చూశాడు. కొడుకు వంక చూశాడు. మళ్లీ పటం వంక. గొంతులోంచి గురగుర తప్ప ఏమీ రాలేదు.

"అదిగో, ఎలా చూస్తున్నాడో చూడు," అంది కూతురు.

"వెనకవైపు ఒకసారి చూస్తాను," అంటూ వ్యాపారి పటాన్ని కిందికి దించాడు. అది ఉన్న చోట తెల్లటి చదరం మిగిలింది. నున్నటి గోడ, ఒక్క గీత లేదు. మేస్త్రి ఆ ఖాళీ చోటునే రెప్ప వెయ్యకుండా చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక చుక్క చెంప మీంచి జారి దిండులోకి ఇంకింది.

"అన్నయ్యా! నాన్న ఏడుస్తున్నాడు!"

నాలుగేళ్లలో అదే మొదటిసారి. కొడుకు మంచం పక్కన కూలబడి తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పయిపోయింది నాన్నా. ఎవరెంత ఇచ్చినా అమ్మను. నా మీద ఒట్టు."

మేస్త్రి కళ్లు అటూ ఇటూ కొట్టుకున్నాయి. ఒక్క వేలు కదపాలని చూశాడు. కదల్లేదు.

"పెద్దాయన్ని ఇంత బాధపెట్టి కొనడానికి నాకు చేతులు రావమ్మా," అంటూ వ్యాపారి కూడా కళ్లద్దాలు తుడుచుకుని వెళ్లిపోయాడు.

కూతురు పటాన్ని పొడిగుడ్డతో తుడిచింది. అన్నచేత కొత్త మేకు కొట్టించి, జానెడు కిందికి, సరిగ్గా తండ్రి చూపుకి తిన్నగా తగిలించింది.

"ఇప్పుడు బాగా కనబడుతోందా నాన్నా?" అని నుదురు నిమిరింది.

నోరు పనిచేస్తే మేస్త్రి నాలుగేళ్లుగా అరవాలనుకుంటున్న మాట ఒక్కటే: "ఆ కూలిపోయినదాన్ని నా కళ్లముందు నుంచి తీసెయ్యండర్రా!"